మీకు తెలుసా? కోళ్ల పాకలో ఫొటో స్టూడియో

డార్విన్, టెన్నిసన్ వంటి విక్టోరియా కాలపు ప్రముఖుల ఫొటోలు తీసిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు తొలి స్టూడియో కోళ్ల పాక, డార్క్‌రూమ్ బొగ్గుల కొట్టు! (కోళ్లు ఎవరి కూరలోకీ వెళ్లలేదనే తన నమ్మకమని ఆవిడే రాసుకుంది.)

కలకత్తాలో పుట్టిన ఈవిడ చేతికి కెమెరా వచ్చింది 48వ ఏట, 1863లో. ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఉండగా కూతురు, అల్లుడు ఇచ్చిన కానుక అది. పద్ధతేమో వెట్ కొలోడియన్. గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాలి. వేసవిలో అయితే మరీ తొందర. కెమెరా ముందున్నవాళ్లకు మాత్రం ఆ తొందర కుదరదు, నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. కదిలితే మసకే. ఆ మసకను పొరపాటని విమర్శకులు వెక్కిరించారు, ఆవిడ లెక్కచేయలేదు. ఇవాళ చూస్తే ఆ ఫొటోల అందమంతా అందులోనే ఉంది.

1867లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఫొటో తీసేముందు ఆయన చేత తలస్నానం చేయించిందట, తెల్లజుట్టు రేగి వెలుగు పట్టాలని. ఫొటో చెరిగిపోకుండా నిలబెట్టే ‘హైపో’ అనే రసాయనం గుణాన్ని 1819లోనే కనిపెట్టింది ఆ హెర్షెలే.