మోయలేని మూట, కదలని షెల్

విమానాశ్రయంలో తూకపు యంత్రం ముందు పెట్టెలు విప్పి మళ్ళీ సర్దుకొనని ప్రవాస తెలుగు కుటుంబం అరుదు. ఒక్కొక్క పెట్టెకూ ఒక పరిమితి, అన్నిటికీ కలిపి మరొక పరిమితి. ఆవకాయ సీసా ఒకటి ఎక్కువైనా ప్రయాణం కౌంటరు వద్దనే ఆగుతుంది. కంప్యూటరులోనూ ఇటువంటి నిబంధన ఒకటి కలదు. అది తెలియనివారికి యంత్రమే చెడిపోయినట్లు తోస్తుంది.

యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో మనం టైపు చేసే ఆదేశాలను అందుకొని అమలుపరచే ప్రోగ్రామును షెల్ అంటారు. ఏ ప్రోగ్రామును ప్రారంభించినా షెల్ దానికొక సద్దిమూట కట్టి పంపుతుంది. వాడుకరి పేరేమి, ఏ ఫోల్డర్లలో వెదకాలి వంటి సమాచారం అందులో ఉంటుంది. వీటినే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అనగా పరిసర చలరాశులు అంటారు. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పుతో ఈ పద్ధతి వచ్చింది. తల్లి ప్రోగ్రాము నుండి పిల్ల ప్రోగ్రాముకు ప్రతిసారీ మూట మొత్తం నకలై చేరుతుంది.

లినక్స్‌లో 2007 నాటి 2.6.23 కూర్పుకు పూర్వం మూటకు 128 కిలోబైట్లే హద్దు. తర్వాత స్టాక్ అనే జ్ఞాపక భాగపు పరిమితిలో నాలుగవ వంతు వరకు అనుమతించారు. స్టాక్ సాధారణంగా 8 మెగాబైట్లు కనుక మూట 2 మెగాబైట్ల వరకు ఉండవచ్చు. అయితే ఏ ఒక్క చలరాశీ 1,31,072 బైట్లు మించరాదు. చాలామంది తట్టుకొని పడేది ఈ రెండవ గడప వద్దనే.

అణువుల శక్తిని గణించే పరిశోధక విద్యార్థిని ఊహించండి. కొత్త ప్యాకేజీల ఫోల్డర్లను పాత్ అనే చలరాశికి చేర్చే వాక్యం షెల్ ఆరంభ ఫైలులో ఉంటుంది. షెల్‌లో మరొక షెల్ తెరచినప్పుడెల్లా ఆ చేర్పు మళ్ళీ జరుగుతుంది. 100 అక్షరాల చొప్పున పెరిగితే హద్దు చేరడానికి 1,300 సార్లు పడుతుంది. కాని పాత విలువను పొరపాటున రెండుమారులు వ్రాస్తే, 1,000 అక్షరాలు ఏడు రెట్టింపులలో 1,28,000 అవుతాయి. ఎనిమిదవది హద్దు దాటుతుంది. మూడు రోజులు నడిచిన గణన, తరువాతి దశ ప్రోగ్రామును పిలవబోయి అక్కడే కూలిపోతుంది.

అప్పుడు కనిపించే సందేశం ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’. పక్కన మరే మాటా లేకుండా ఎల్‌ఎస్ అని మాత్రమే టైపు చేసినా ఇదే జవాబు! ఆదేశం పొడవైనా, మూట బరువెక్కినా కెర్నెల్ చెప్పేది ఒకే మాట. ఇంత తప్పుదారి పట్టించే సందేశం మరొకటి ఉండదేమో. గాభరాపడి వ్యవస్థనంతా తుడిచి తిరిగి ఎక్కించేవారు ఫలితాలను పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. పాత ఆరంభ ఫైలును అట్లే నిలుపుకుంటే జబ్బూ నిలుస్తుంది.

నిజానికి షెల్ బ్రతికే ఉంటుంది. కొత్త ప్రోగ్రామును పుట్టించలేదు, అంతే. కనుక ఎల్‌ఎస్, ఎన్వ్ వంటి బయటి ఆదేశాలు పనిచేయకున్నా, ఎకో, ఎక్స్‌పోర్ట్, అన్‌సెట్ వంటి అంతర్గత ఆదేశాలు పనిచేస్తాయి. ఎక్స్‌పోర్ట్ అని మాత్రమే టైపు చేస్తే చలరాశులన్నీ కనిపిస్తాయి. ఏది తెరలు తెరలుగా పారుతుందో అదే దోషి. దానిని అన్‌సెట్‌తో తొలగించగానే ఎల్‌ఎస్ పలుకుతుంది. దోషి పాత్ అయితే మాత్రం తొలగించరాదు, కొద్ది ఫోల్డర్లతో చిన్న విలువ ఇవ్వాలి. అటుపిమ్మట ఆరంభ ఫైలును తెరచి, ఆ ఫోల్డరు పాత్‌లో లేనప్పుడే చేర్చునట్లు సవరించాలి. వేల అణువుల జాబితానే చలరాశిలో కూరినవారు, జాబితాను ఫైలులో ఉంచి ఆ ఫైలు పేరు మాత్రం పంపితే చాలు.

విండోస్‌లో హద్దులు వేరు. ఒక చలరాశి 32,767 అక్షరాల వరకు ఉండవచ్చు, కాని కమాండ్ ప్రాంప్ట్ ఒక వరుసలో 8,191 అక్షరాలకు మించి స్వీకరించదు. కంపైలరును సిద్ధపరచే బ్యాచ్ ఫైలును ఒకే కిటికీలో పదేపదే నడిపితే పాత్ పెరిగి ‘ఇన్‌పుట్ లైన్ ఈజ్ టూ లాంగ్’ అని ఆగిపోయేది ఇందుకే. కొత్త కిటికీ తెరిస్తే సరిపోతుంది. సెట్‌ఎక్స్ ఆదేశంతో పాత్‌ను సవరించబోయేవారు మాత్రం ముందు పాత విలువను వేరుగా దాచుకోవాలి. 1,024 అక్షరాల తర్వాతి భాగాన్ని అది కోసివేస్తుంది.