పచ్చని కుంట చేసే పని

బాలలూ, పట్టణాలలో గిన్నెలు కడిగిన నీరూ, స్నానపు నీరూ, మరుగుదొడ్డి నీరూ అంతా కలిసి మురుగుకాలవలో పడుతుంది. ఆ మురుగు చూడటానికి నల్లగా వుంటుంది, కంపు కొడుతుంది. కాని అందులోని అసలు ప్రమాదం కంటికి కనిపించదు. కలరా, టైఫాయిడ్ వంటి జబ్బులు తెచ్చే క్రిములూ, ఏలికపాముల గుడ్లూ అందులో వుండవచ్చు. ఆ నీటితోనే ఆకుకూరలు పండిస్తే అవన్నీ తిరిగి మన ఇంటికే వస్తాయి!

ఎండ బాగా కాసే దేశాలలో ఈ క్రిములను చంపటానికి పెద్ద యంత్రాలు లేకపోయినా ఫరవాలేదు. వరసగా తవ్విన కుంటలు చాలు. ఎట్లాగంటారా?

మొదటి కుంట లోతు రెండు నుంచి అయిదు మీటర్లు. అందులో నీరు కదలక నిలిచి వుండటంచేత మడ్డి అడుగుకు దిగుతుంది. నీటికన్న బరువైన ఏలికపాముల గుడ్లు కూడా దిగిపోతాయి. గాలి సోకని ఆ అడుగున వుండే సూక్ష్మజీవులు మడ్డిని కుళ్ళబెట్టి తగ్గిస్తాయి.

రెండవ కుంట లోతు ఒకటి రెండు మీటర్లే. దాని నీరు పచ్చగా వుంటుంది. “ఛీ, పాచినీరు!” అనకండి. ఆ పచ్చదనం సన్నని నాచుది. పగలు ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చి, ప్రాణవాయువును వదులుతుంది. ఆ ప్రాణవాయువుతో వేరొక రకం సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని తినేస్తాయి.

చివరి కుంటలు మరీ లోతుండవు. బొగ్గుపులుసు వాయువు తగ్గినకొద్దీ నీటికి క్షారగుణం హెచ్చుతుంది. మన పేగులలో సుఖంగా బతికే క్రిములు ఆ క్షారాన్నీ, ఎండనూ, అధికమైన ప్రాణవాయువునూ తట్టుకోలేక చస్తాయి.

ఇన్ని కుంటలెందుకు, ఒక పెద్ద కుంట చాలదా? చాలదు. ఒకే కుంటలో ఇవాళ వచ్చిన నీటిలో కొంత ఇవాళే బయటికి జారిపోవచ్చు. వరస కుంటలలో అట్లా జరగదు. లెక్క వేసి చూడండి. 100 మిల్లీలీటర్ల మురుగులో 1 కోటి పేగుక్రిములు వున్నాయనుకుందాం. ఒక్కొక్క కుంటలో పదింట తొమ్మిది వంతులు చస్తే, ఒక కుంట దాటాక 10 లక్షలు, తరవాత 1 లక్ష, ఆ తరవాత 10 వేలు, నాలుగవది దాటాక 1,000 మిగులుతాయి. పచ్చిగా తినే కూరగాయలకు పెట్టే నీటిలో 1,000కి మించరాదనీ, పురుగు గుడ్లు లీటరుకు ఒకటికి మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించింది.

కోల్‌కతాకు తూర్పున ఇటువంటి పనినే చేపల చెరువులు చేస్తున్నవి. నగరపు మురుగును ఎండలో నిలవబెడితే నాచు పెరుగుతుంది. అది చేపలకు ఆహారమవుతుంది. 12,500 హెక్టార్ల ఆ ప్రాంతాన్ని 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యంగల తడినేలల జాబితాలో చేర్చారు.

అయితే ఒక్క మాట మరవకండి. కుంటలో శుభ్రపడిన నీరు పొలానికేగాని తాగటానికి కాదు. అడుగుమడ్డిలో ఏలికపాముల గుడ్లు ఏడాదికి పైగా బతికి వుండగలవు. గనక ఆ మడ్డిని తీసిన వెంటనే చేలో వేయరాదు. అటువంటి కుంటలో పిల్లలు దిగరాదు. ఇంట్లో అమ్మ ఆకుకూర బాగా కడిగేదాకా, మీరు సబ్బుతో చేతులు కడుక్కునేదాకా అన్నానికి తొందరపడకండి!