మీకు తెలుసా? తార్నాక నుంచి తలోజా దాకా కరోనా నాటి హక్కుల వింతలు

ఆ రోజుల్లో కొన్న శానిటైజర్ సీసాలు ఎప్పుడో అటకెక్కాయి. అప్పుడు పోగేసిన వింతలు మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నాయి! మహమ్మారి వచ్చిపడినప్పుడు మన హక్కులు ఏ గతి పట్టాయో చెప్పే వింతలవి. కొన్ని నవ్విస్తాయి, కొన్ని వింటే నవ్వు ఆగిపోతుంది. వరసంటూ ఏమీ లేదు, ఎక్కడి నుంచైనా చదువుకోండి.

★ మురుగునీరు కూడా నిజం చెబుతుంది! తార్నాకలోని ఐఐసీటీ, ఆ పక్కనే ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2020లో హైదరాబాద్ మురుగు శుద్ధి కేంద్రాల నీళ్లు పరీక్షించారు. నెల రోజుల పైచిలుకు వ్యవధిలో నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉండొచ్చని ఆగస్టులో లెక్క తేల్చారు. అప్పటికి రాష్ట్రం మొత్తానికీ సర్కారు చూపిన కేసులు లక్ష కూడా లేవు! పరీక్షలు పెంచండి, లెక్కలు బయటపెట్టండి అంటూ హైకోర్టు ఎన్నిసార్లు మొట్టికాయలు వేసిందో! అందుకోసం కోర్టు తలుపు తట్టినవాళ్లలో ఉస్మానియా మాజీ ప్రొఫెసర్ పి.ఎల్. విశ్వేశ్వరరావు ఒకరు.

★ 2020 మార్చిలో తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టడానికి వాడిన చట్టం వయసెంతో చెప్పుకోండి చూద్దాం? 123 ఏళ్లు! బొంబాయి ప్లేగు కోసం 1897లో తెల్లదొరలు హడావిడిగా తెచ్చిన అంటువ్యాధుల చట్టమది. మొదట రాసినప్పుడు మొత్తం నాలుగే సెక్షన్లు. అందులో ఒకటి అచ్చంగా అధికారుల కోసం: సదుద్దేశంతో చేసిన పనికి వాళ్ల మీద దావా వేయకూడదట. మరి జనం హక్కుల సెక్షన్ ఏది అంటారా? వెతికి చూడండి, దొరికితే నాకూ చెప్పండి!

 

  

★ వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది ఎక్కడి నుంచి? ఢిల్లీ కాదు, ముంబై కాదు, మన లింగంపల్లి నుంచి! రోజు చూడండి, 2020 మే 1. సాక్షాత్తు మేడే! తెల్లవారుజామున 24 బోగీల్లో సుమారు 1,200 మంది జార్ఖండ్‌లోని హటియాకు కదిలారు. 72 మంది పట్టే బోగీలో 54 మందినే కూర్చోబెట్టారు. వాళ్లలో ఎక్కువమంది కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ కడుతున్న కూలీలు. జీతాలివ్వండి, ఇళ్లకు పంపండి అని రెండు రోజుల ముందు ఆ క్యాంపస్‌లో తిరగబడ్డాకే రైలు కూత వినబడింది.

★ ఆ తర్వాత ఆగస్టు చివరిదాకా అలాంటి రైళ్లు 4,621 నడిచాయి, 63 లక్షల మందిని చేరవేశాయి. వాటిలో ప్రయాణిస్తూ 97 మంది చనిపోయారని పార్లమెంటులో చెప్పారు. మరి లాక్‌డౌన్‌లో ఇంటిదారి పట్టి ఎంతమంది కూలీలు పోయారని అడిగితే? అలాంటి లెక్క తమ దగ్గర లేదని కార్మికశాఖ జవాబిచ్చింది!

★ ములుగు జిల్లా మిరప చేలలో కూలికి వచ్చిన పన్నెండేళ్ల బస్తర్ పిల్ల ఒకతె, ఏప్రిల్ ఎండలో వంద కిలోమీటర్ల పైన నడిచి, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా ప్రాణం విడిచింది. దీనికి వివరణ రాయడం నా వల్ల కాదు.

★ సొంత ఊరికి పోవడానికి పోలీస్ స్టేషన్‌లో పాసు! 2020 మార్చి 25న హాస్టళ్లు ఖాళీ చేయమనేసరికి వేలమంది కుర్రాళ్లు హైదరాబాద్ ఠాణాల ముందు బారులు తీరారు. పాసు చేతపట్టుకుని గరికపాడు చెక్‌పోస్టు దాకా వెళితే, అక్కడ ఆంధ్ర పోలీసులు చెల్లదన్నారు. ఏడాది తిరిగేసరికి సీను తారుమారు! 2021 మేలో పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు, ఆసుపత్రిలో మంచం ఖాయమైన కాగితం చూపమని. లోపల రోగికి ఊపిరి ఆడదు, బయట కాగితం అడుగుతారు! కాగితం ఉండాలన్న ఆ సర్కారు ఉత్తర్వును తెలంగాణ హైకోర్టు మే 14న నిలిపేసింది.

★ అప్పట్లో హైదరాబాద్‌లో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉండేది. ఉంటే? తీసెయ్యమన్నారట! 2021 మేలో ఫొటో కోసం పోలీసులు తన మాస్కు తీయమన్నాక, ఆ ఫొటో ఏమవుతుందోనని ఒక సామాజిక కార్యకర్త ముఖాలు గుర్తుపట్టే కెమెరాల మీద ఏకంగా హైకోర్టులో కేసు వేశారు.

★ మాస్కు అడిగితే ఉద్యోగం ఊడుతుందా? నర్సీపట్నం ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ ఎన్-95 మాస్కులు లేవని బయటికి చెప్పారు, 2020 ఏప్రిల్‌లో సస్పెండయ్యారు. మరుసటి నెల విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆంధ్ర హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. సరిగ్గా ఏడాదికి, 2021 మేలో, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

★ ఒక్క స్ట్రాకు ఎన్ని రోజులు? ముంబై దగ్గరి తలోజా జైల్లో భీమా కోరెగావ్ కేసు ఖైదీ, పార్కిన్సన్స్‌తో చేతులు వణికే 83 ఏళ్ల ఆదివాసీ హక్కుల కార్యకర్త స్టాన్ స్వామి, గ్లాసు పట్టుకోలేనని స్ట్రా, సిప్పర్ ఇప్పించమన్నారు. జవాబు చెప్పడానికే ఆ కేసు చూస్తున్న ఎన్‌ఐఏ అడిగిన గడువు 20 రోజులు! అదే కేసులో ఉన్న మన కవి వరవరరావుకు కరోనా సోకింది కూడా ఆ జైల్లోనే, 2020 జూలైలో. బాంబే హైకోర్టు ఆయనకు ఆరు నెలల బెయిలిచ్చింది 2021 ఫిబ్రవరిలో.

★ కోట్లమంది ఫోన్లలోకి ఎక్కించిన ఆరోగ్య సేతు యాప్ తయారుచేసింది ఎవరు? సమాచార హక్కు కింద అడిగిన ఆ ప్రశ్నకు తిన్నగా జవాబు రాక, కేంద్ర సమాచార కమిషన్ 2020 అక్టోబరులో అధికారులకు నోటీసులివ్వాల్సి వచ్చింది!

★ చివరగా ఒక కూడికల లెక్క. 2022 జనవరికి తెలంగాణలో అధికారికంగా కరోనా మరణాలు దాదాపు 4 వేలు. చనిపోయినవారి కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం ఇస్తామనగానే వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు!