తక్కువ ఖర్చుతో బరువు తగ్గాలా? ఉద్దానం పిల్లలు ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి

పలాస, కాశీబుగ్గ నుంచి టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ కాలేజీలకు వెళ్లి హాస్టళ్లలో, రూముల్లో ఉంటున్న మన పిల్లల్లో బరువు తగ్గాలనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చేతిలో డబ్బు తక్కువ, తొందర ఎక్కువ. దాంతో కొందరు ఒక పూట తిండి మానేస్తారు. మరికొందరు జిమ్‌లో ఎవరో చెప్పారని ఇంట్లో అడిగి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొంటారు. ఉద్దానం పిల్లలకు ఈ రెండో దారి మరీ ప్రమాదం.

ఇక్కడ ఎందుకు జాగ్రత్త?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఏళ్లుగా ఉంది. షుగర్ లేనివాళ్లకూ వస్తోంది. కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. మొదట్లో ఏ లక్షణమూ కనిపించకపోవడమే దీంతో పెద్ద చిక్కు. కిడ్నీ అప్పటికే నీరసించి ఉంటే అతిగా తీసుకునే ప్రొటీన్ దానిమీద ఇంకా భారం వేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) కూడా 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండ పెంచడం కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని చెప్పింది.

అందుకే తిండి మార్చేముందు రెండు పరీక్షలు చేయించండి: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్. పలాసలోనే 2023 డిసెంబర్ 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఫలితంలో తేడా ఉంటే కింద రాసిన లెక్క మీకు వర్తించదు. పప్పు, గుడ్లు, పండ్లు, కొబ్బరినీళ్లు ఏవి ఎంత తీసుకోవాలో డాక్టరే చెప్పాలి.

పౌడర్ అవసరం ఉందా? లెక్క చూద్దాం

పెద్దవాళ్లకు కిలో బరువుకి రోజుకి సుమారు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. 250 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో 18, 50 గ్రాముల కందిపప్పులో 11, రెండు గుడ్లలో 12, గ్లాసు పాలు లేదా పెరుగులో 8 గ్రాములు వస్తాయి. మొత్తం 49. సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు తింటే లెక్క సరిపోయింది. ఇక పౌడర్ దేనికి?

మెస్‌లో చికెన్ హలాలో కాదో తెలియక మన పిల్లలు చాలామంది దాన్ని వదిలేసి, అన్నం, పచ్చడి, అప్పడంతో కడుపు నింపుకుంటారు. బరువు పెరిగేది అక్కడే. ఆ రోజు గుడ్డు, పప్పు ఎక్కువ వేయించుకోండి. చేపకి జబహ్ అవసరం లేదు కాబట్టి ఆ సందేహం ఉండదు. మన తీరంలో కవళ్ల లాంటి చిన్న చేపలు పెద్ద చేపలకన్నా చవక. వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, రోజూ వద్దు.

రోజుకి 500 కేలరీలు ఎక్కడ తగ్గించాలి?

వారానికి అరకిలో తగ్గడం క్షేమం. అందుకు రోజూ సుమారు 500 కేలరీలు తగ్గాలి. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు టీలు తాగేవాళ్లు చక్కెర మానేస్తే 160 తగ్గుతాయి. చిన్న కూల్‌డ్రింక్ సీసా మానేస్తే 110. రాత్రి ఒక కప్పు అన్నం తగ్గిస్తే 200. మొత్తం 470. దీనికి పైసా ఖర్చు లేదు, పైగా మిగులుతుంది. కూల్‌డ్రింక్ ఇరవై రూపాయలు, గుడ్డు ఏడు రూపాయలు అనుకుంటే, ఆ డబ్బుకి దాదాపు మూడు గుడ్లు!

రూములో వండుకునేవాళ్లకి ఒక రోజు ఇలా:

ఉదయం: చోడి అంబలి, ఉడికించిన గుడ్డు.
మధ్యాహ్నం: అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. అన్నం ఎంతో కూర అంత.
సాయంత్రం: శనగలు లేదా ఉలవల గుగ్గిళ్లు, జామకాయ.
రాత్రి: కొద్దిగా అన్నం, గుడ్డు కూర లేదా చేపల పులుసు, కాయగూర.

తోటకూర, మునగాకు, బొప్పాయి మన ఊళ్లలో దొరికేవే. ఇంటి నుంచి వచ్చే జీడిపప్పు మంచిదే కానీ 100 గ్రాముల్లో 550 కేలరీలకు పైనే ఉంటాయి. రోజుకి ఏడెనిమిది పలుకులు చాలు. నూనె రోజుకి నాలుగైదు చిన్న చెంచాలు, ఉప్పు ఒక చిన్న చెంచా దాటకూడదు.

రోజా, నీళ్లు, నొప్పి మాత్రలు

సోమ, గురువారాల్లో నఫిల్ రోజా ఉండేవాళ్లు ఇఫ్తార్‌లో సమోసాలు, షర్బత్‌తో మొదలుపెడితే మిగిలినదంతా తిరిగి వచ్చేస్తుంది. ఖర్జూరం, నీళ్లు, పండు, తర్వాత మామూలు భోజనం చాలు. పొట్టలో మూడోవంతు తిండికి, మూడోవంతు నీటికి, మూడోవంతు ఊపిరికి అని మన ప్రవక్త (స) నేర్పిన పద్ధతి కూడా ఇదే కదా. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రోజా పెట్టకండి.

ఎండలో ఆడి, పరిగెత్తి, నీళ్లు తాగకుండా ఉండటం కిడ్నీలకు చేటు. వ్యాయామం మొదలుపెట్టాక ఒళ్లు నొప్పులని సొంతంగా నొప్పి మాత్రలు మింగడం ఇంకా చేటు. నొప్పిగా ఉంటే ఒక రోజు ఆగండి, మర్నాడు నడవండి.

అమ్మీ అబ్బాలకు ఒక మాట. పిల్లలు పౌడర్‌కి డబ్బులు అడిగితే కోప్పడకండి. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఆ రెండు పరీక్షలు చేయించండి. డబ్బా ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.