ప్యాకేజీల తాళము, రిపాజిటరీల తారతమ్యము

కొత్త యొక వింత, పాత యొక రోత యను సామెత సాఫ్ట్‌వేరు విషయమున చెల్లినంతగా మరెచ్చటను చెల్లదేమో. వెర్షన్ సంఖ్య పెద్దదైనచో ఆ ప్యాకేజీయే మేలైనదని యెంచి, దానిని తెచ్చి పాతదాని స్థానమున నిలుపుటయే అప్‌డేట్ చేయు పని. అయితే సంఖ్య పెరుగుట వేరు, గుణము పెరుగుట వేరు. ఆ భేదమును యంత్రము స్వయముగా నెరుగజాలదు గనుక, తెలియజెప్పవలసినవాడు యజమానియే. అందులకు లినక్స్ వ్యవస్థలో రెండు సాధనములు గలవు. ఒకటి ప్యాకేజీకి వేయు తాళము. రెండవది రిపాజిటరీలకు నిర్ణయించు ప్రాధాన్యక్రమము.

ఒక ప్రోగ్రామును, దానికి వలయు ఫైళ్లను, అది యే యితర ప్యాకేజీలపై ఆధారపడునో ఆ వివరమును ఒక్కచో గూర్చినది ప్యాకేజీ. అట్టివి వేలకొలది చేర్చి సర్వరుపై నుంచిన భాండారము రిపాజిటరీ. డెబియన్, ఉబుంటులలో ఆప్ట్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఓపెన్‌సూసేలో జిప్పర్ ఈ భాండారములను సంప్రదించి కావలసినవానిని తెచ్చును. భాండార మొక్కటియే యున్నంతకాలము చిక్కు లేదు. కాని పేటెంట్ల బాధవలన కొన్ని వీడియో కోడెక్‌లను ఓపెన్‌సూసే తన మూలభాండారమున నుంచదు గనుక, వానికొరకు ప్యాక్‌మన్ అను వేరొక రిపాజిటరీని చేర్చుకొనుట అచ్చటి వాడుకరులకు పరిపాటి. అప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ప్యాకేజీలు రెండు చోట్లను కనబడును. కొన్ని లైబ్రరీలు ఇటునుండి, కొన్ని అటునుండి వచ్చి చేరినచో, అన్నియు సక్రమముగా ఇన్‌స్టాల్ అయినట్లే తోచును గాని వీడియో మాత్రము ఆడకపోవచ్చును.

ఇట్టి సంకరమును నివారించుటకే ప్రాధాన్యసంఖ్య. ఓపెన్‌సూసేలో, మనము వేరుగా చెప్పనంతవరకు, ప్రతి రిపాజిటరీకిని 99 అను సంఖ్య యుండును. ఇచ్చట సంఖ్య యెంత చిన్నదో గౌరవమంత పెద్దది. ప్యాక్‌మన్‌కు 90 ఇచ్చితిమేని, క్రొత్తగా ఇన్‌స్టాల్ చేయునపుడు, మూలభాండారమున అంతకంటె పెద్ద వెర్షన్ ఉన్నను, జిప్పర్ ప్యాక్‌మన్ ప్రతినే గ్రహించును. అయినను ఇదివరకే ఇన్‌స్టాల్ అయియున్న ప్యాకేజీలు ఈ సంఖ్యను మార్చినంతమాత్రమున చేతులు మారవు; సామాన్యమైన అప్‌డేట్ ఒక వెండర్ (ప్యాకేజీని కూర్చి యిచ్చువాడు) ప్రతిని విడిచి వేరొకని ప్రతికి పోదు, ఆ మార్పునకు యజమాని ప్రత్యేకముగా సమ్మతి నీయవలెను.

డెబియన్ సంప్రదాయము దీనికి విలోమము: అచ్చట సంఖ్య పెద్దదైనకొలది ప్రాధాన్యము హెచ్చు. సామాన్య రిపాజిటరీకి 500, ఇన్‌స్టాల్ అయియున్న ప్రతికి 100. 1001 వంటి సంఖ్య నిచ్చినగాని ఆప్ట్ తనంతట పెద్ద వెర్షన్ నుండి చిన్న వెర్షన్‌కు దిగదు. ఋణసంఖ్య నిచ్చినచో ఆ ప్యాకేజీకి ప్రవేశమే లేదు. 2020లో లినక్స్ మింట్ 20 నిర్మాతలు, ఉబుంటువారి స్నాప్ ప్యాకేజీలను నడపు స్నాప్‌డీ వాడుకరి యెరుగకుండ తమ వ్యవస్థలోనికి రారాదని తలచి, దానికి -10 విధించిరి.

ప్రాధాన్యము ఎచ్చటినుండి తేవలెనో చెప్పును. తాళము దేనిని కదలింపరాదో చెప్పును. జిప్పర్‌లో యాడ్‌లాక్, ఆప్ట్‌లో ఆప్ట్-మార్క్ హోల్డ్, డీఎన్‌ఎఫ్‌లో వెర్షన్‌లాక్ అను కమాండులు ఇందులకే యేర్పడినవి. జిప్పర్ తాళము వేసిన ప్యాకేజీ అప్‌డేట్ కాదు, తొలగింపబడదు. అసలు ఇన్‌స్టాల్ కానిదానికి వేసినచో లోనికి రానేరాదు. ఒక అప్‌డేట్ నడుచుచుండగా మరియొకదానిని ప్రారంభించినచో వ్యవస్థ లాక్ అయియున్నదను సందేశము వచ్చును గదా, అది వేరు. మొదటి పని ముగియగానే యది తొలగును. మనము వేసిన తాళము మనము తీయువరకు తొలగదు.

క్రొత్తదనమును శంకింపవలసిన సందర్భము 2024 మార్చి 29న లోకమునకు వెల్లడి యయ్యెను. దూరపు యంత్రములలోనికి ప్రవేశించు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు అరసెకను ఆలస్యమగుచున్నవేలయని పరిశోధించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, ఎక్స్‌జెడ్ అను కంప్రెషన్ సాధనపు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి నిర్మించియుండుటను బయటపెట్టెను. క్రొత్తదానిని వెంటవెంటనే గైకొను డెబియన్ అన్‌స్టేబుల్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ దాని వాతబడినవి. నెమ్మదిగా నడచు డెబియన్ స్టేబుల్‌ను అది చేరనే లేదు. వెనుకకు మరలుట మాత్రము సులభమా? చిన్న సంఖ్యకు దిగుట అప్‌డేట్‌కు తెలియదు గనుక, డెబియన్‌వారు పాత 5.4.5 ప్రతికే ‘5.6.1+రియల్లీ5.4.5’ అనియు, ఓపెన్‌సూసేవారు 5.4 ప్రతికి ‘5.6.1.రివర్ట్‌టు5.4’ అనియు నామకరణము చేసి, పాతదానిని క్రొత్తదిగా చెల్లించిరి. సంఖ్యాపూజకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

అట్లని పాతదానిని బిగించి కూర్చుండుటయు క్షేమము గాదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అను లోపము వెల్లడియైనపుడు ఎన్‌క్రిప్షన్ లైబ్రరీయైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ యొక్క 1.0.1 మొదలు 1.0.1ఎఫ్ వరకు గల వెర్షన్లు సర్వరు మెమరీలోని రహస్యములను పరులకు అప్పగించునవిగా తేలెను, 1.0.1జీ వెర్షన్‌లోను, డిస్ట్రిబ్యూషన్లు విడుదల చేసిన సవరణ ప్యాకేజీలలోను ఆ లోపము తీరినది. ఏదో ప్రోగ్రాము చెడునను భయముతో అట్టి ప్యాకేజీకి తాళమువేసి మరచినవానికి ఆ సవరణ చేరదు. గ్రాఫిక్స్ డ్రైవరు కొరకు కెర్నెల్‌ను ఆపియుంచువారు ఈ మాటను ముఖ్యముగా గ్రహింపవలెను.

కావున తాళము వేయుటకంటె దాని కారణమును వ్రాసియుంచుట ముఖ్యము. ఆప్ట్ ప్రిఫరెన్సెస్ ఫైలులో ఎక్స్‌ప్లనేషన్ అను పంక్తి ఇందులకే కలదు. జిప్పర్ లాక్స్, ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అను కమాండులు వేసిన తాళముల పట్టికను చూపును. నెలకొకసారి ఆ పట్టికను చదివి, కారణము తీరినదానిని తొలగింపుడు; కారణము జ్ఞాపకము రానిదానిని ముందుగా తొలగింపుడు.