నాడి పట్టే వాచీ, చీటీ రాసే ఏఐ

స్మార్ట్‌వాచీని తీసి తిరగేస్తే అడుగున ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమంటుంటాయి. "ఆకుపచ్చే ఎందుకు సార్, ఎర్రది పెట్టొచ్చుగా?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. రక్తం ఎర్రగా కనిపిస్తోందంటే ఎరుపును తిప్పి పంపేసి ఆకుపచ్చను మింగేస్తోందన్నమాట. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, కాస్త ఎక్కువ ఆకుపచ్చ కాంతి ఇంకిపోతుంది, పక్కనున్న సెన్సార్‌కు తిరిగొచ్చే వెలుతురు ఆ మేరకు తగ్గుతుంది. ఆ తగ్గుళ్లను లెక్కపెడితే నాడి తెలిసిపోతుంది.

కూర్చున్నవాళ్ల సంగతి అది. పరుగెత్తేవాళ్ల చెయ్యి ఊగుతుంది, వాచీ చర్మం మీద జారుతుంది, వెలుతురు దానికీ మారుతుంది. ఏది గుండె పని, ఏది చెయ్యి పని? అందుకే లోపల కదలికను కొలిచే యాక్సిలరోమీటర్ చిప్ ఇంకో సాక్ష్యం చెబుతుంది, ఆ ఊపును వాచీ లెక్కలోంచి తీసేస్తుంది. ఒక్కోసారి ఈ తీసివేతా తప్పుతుంది. నిమిషానికి 170 అడుగులు వేసేవాడి నాడి 140 ఉన్నా, వాచీ అడుగుల లయనే పట్టుకుని 170 అని చూపిస్తుంది. ఫోన్‌లోకి చేరే అంకెలో అప్పటికే కొంత అంచనా కలిసి ఉంటుంది.

ఈ అంకెల గురించి ఏఐని ప్రశ్నలు అడగాలంటే ముందు వాటిని దానికి అందించాలి. ఐఫోన్ హెల్త్ యాప్‌లోని డేటానంతా బయటికి తీస్తే ఒక జిప్ ఫైలు చేతికొస్తుంది. అందులోని ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి కొలతా ఒక వరుస: ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ పరికరం, ఎంత. కొన్నేళ్లుగా వాచీ కట్టుకుంటున్నవాళ్ల ఫైలు వందల మెగాబైట్లు తూగుతుంది. దాన్ని తెచ్చి ఏఐ ముందు కుమ్మరిస్తే పట్టదు, ఒకేసారి అది చదవగలిగిన దానికి హద్దుంది. పట్టినంత మేరకైనా, వేల అంకెల సగటు కట్టమంటే నమ్మలేం. తర్వాతి ముక్క ఏమై ఉంటుందో ఊహించడంలో ఆరితేరిన యంత్రం సగటును కూడా ఊహించేస్తుంది. తడబాటన్నది ఉండదు, అదే చిక్కు.

దీనికి కనిపెట్టిన విరుగుడు చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది. ఏఐ చేతికి డేటా ఇవ్వరు, డేటా అడిగే దారి ఇస్తారు. "రోజువారీ నిద్ర: మొదటి తేదీ, చివరి తేదీ చెబితే గంటలు ఇస్తాను", "విశ్రాంతి నాడి: తేదీలు చెబితే సగటు ఇస్తాను" అంటూ కొన్ని పనిముట్ల పట్టీ ముందే చదివిస్తారు. "పోయిన వారం నిద్ర సరిగా లేదు, నాడి ఏమైనా పెరిగిందా?" అని మనం తెలుగులో అడిగామనుకోండి. ఏఐ జవాబు ఆపి, పనిముట్టు పేరూ తేదీలూ వేసి ఒక చీటీ రాస్తుంది. హోటల్లో సర్వరు వంటింట్లోకి పంపే చీటీ లాంటిదే. సర్వరు వంట చెయ్యడు. బయట ఉన్న మామూలు ప్రోగ్రాం ఆ చీటీ చదివి, డేటాబేస్ వెతికి, కూడికలూ భాగహారాలూ తప్పులేకుండా చేసి, పది పన్నెండు అంకెలు తిరిగి పంపుతుంది. వాటిని చూసి ఏఐ మనకు మాట చెబుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. "పోయిన వారం" అంటే ఏ తేదీలో ఏఐకి తెలియదు. ఏఐ వెనకున్న భాషానమూనా (లాంగ్వేజ్ మోడల్) లోపల గడియారం లేదు. ఈరోజు తేదీ ఫలానా అని ఎవరో ఒకరు ముందే చెప్పాలి. చేతి గడియారం లెక్కలు చదివే యంత్రానికి టైము చెప్పాల్సి రావడం చూస్తే నాకైతే నవ్వొస్తుంది.

ఇదివరకు ప్రతి ఏఐకీ ప్రతి యాప్‌కీ విడివిడిగా ఇలాంటి వంతెన కట్టాల్సి వచ్చేది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని అందరూ వాడుకునేలా విడుదల చేసింది. చీటీ ఎలా రాయాలి, జవాబు ఎలా రావాలి అన్నది అందులో ఒక్క తీరుకు వచ్చింది. వాచీ డేటాకు ఒకసారి సర్వర్ (చీటీ చదివి డేటా వెతికే ఆ ప్రోగ్రాం) రాసుకుంటే, ఈ పద్ధతి తెలిసిన ఏ ఏఐ అయినా దాన్నే అడుగుతుంది.

సర్వర్ రాసేవాళ్ల తెలివి బయటపడేది అడుగుల దగ్గర. జేబులో ఫోనూ లెక్కపెడుతుంది, చేతికున్న వాచీ కూడా లెక్కపెడుతుంది. హెల్త్ యాప్ రెంటినీ సరిపోల్చి ఒకటే చూపిస్తుంది గానీ, బయటికి తీసిన ఫైల్లో రెండు వరుసలూ ఉంటాయి. గుడ్డిగా కూడితే ఉదయపు నడక రెట్టింపవుతుంది, ఏఐ మనల్ని తెగ మెచ్చుకుంటుంది.

ఇలా ఒంటి లెక్కలు కట్టే పరికరాల చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1965లో జపాన్‌లో యమాసా కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మింది; 10,000 అడుగుల లక్ష్యం దాని ప్రచారంతోనే ఊరూరా పాకింది. 2009లో ఫిట్‌బిట్ బట్టలకు తగిలించుకునే క్లిప్పుగా వచ్చింది, 2021లో గూగుల్ చేతికి వెళ్లింది. పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్ గీసిన పటంలో సైనిక స్థావరాల చుట్టూ దారులు వెలిగిపోతున్నాయని 2018లో బయటపడింది.

ఆ పటం సంగతి విన్నాక తాళాల మీద శ్రద్ధ పెరుగుతుంది. వాచీ కంపెనీ ఖాతా పాస్‌వర్డ్ ఏఐకి ఇవ్వనక్కర్లేదు. ఖాతా నుంచి టోకెన్ అనే తాత్కాలిక తాళంచెవి ఒకటి ఇస్తారు, అందులో నిద్ర చూడొచ్చు, జీపీఎస్ దారి చూడకూడదు అని విడివిడిగా టిక్కు పెట్టుకోవచ్చు. స్ట్రావా టోకెన్ ఆరు గంటలకే చెల్లిపోతుంది, మళ్లీ కొత్తది తీసుకోవాలి. సర్వర్‌ను సొంత లాప్‌టాప్‌లోనే నడిపితే పెద్ద ఫైలు ఇల్లు దాటదు. చీటీకి జవాబుగా వెళ్లే ఆ పది పన్నెండు అంకెలు మాత్రం ఏఐ కంపెనీ కంప్యూటర్ దాకా వెళ్తాయి. అవీ వెళ్లకూడదంటే భాషానమూనాను కూడా అదే లాప్‌టాప్‌లో పెట్టుకోవాలి. జవాబు కాస్త నెమ్మదిగా వస్తుంది, ఫ్యాను మాత్రం హోరెత్తిపోతుంది.