కొత్త తొడుగును మచ్చిక చేయుట

తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో జపాను దేశపు కర్మాగారములు అనేకములు గలవు. మనకు క్రికెట్టు ఎట్టిదో జపానువారికి బేస్‌బాల్ అట్టిది. 1872 ప్రాంతమున హోరేస్ విల్సన్ అను అమెరికా ఉపాధ్యాయుడు టోకియో విద్యార్థులకు ఈ ఆటను నేర్పెనని చెప్పుదురు. క్రికెట్టులో బంతిని పట్టు జట్టునందు వికెట్ కీపరు ఒక్కడే చేతితొడుగులు ధరించును. బేస్‌బాల్‌లోనో, బంతిని పట్టు జట్టులోని తొమ్మండుగురికిని తోలుతొడుగు ఉండవలసినదే. కుడిచేత బంతిని విసరువాడు దానిని ఎడమచేతికి తొడుగుకొనును.

అంగడినుండి తెచ్చిన కొత్త తొడుగు కాడి కట్టని కోడె వంటిది; చెప్పినట్లు వినదు. అట్టవలె బిగిసియుండి, వేళ్లు ముడిచినను ముడుచుకొనదు. 140 గ్రాములకు పైబడిన గట్టి బంతి వేగముగ వచ్చి తాకినప్పుడు, అరచేతి గుంటలో నిలువక ఎగిరిపడును. ఒక్కొక్కప్పుడు ముఖమునకే తగులవచ్చును. కావున ఆటకు ముందే దానిని మచ్చిక చేయవలెను.

తోలు బిగిసియుండుటకు కారణమేమి? తోలు అనునది లెక్కలేనన్ని సన్నని నారలు పెనవేసికొని ఏర్పడిన పదార్థము. పచ్చితోలు కుళ్లకుండ దానిని పదునుచేయుదురు. పూర్వము దక్షిణదేశమున ఇందులకు తంగేడు పట్టను, కరక్కాయలను వాడెడివారు. నేడు క్రోమియము లవణములు ఎక్కువగ వాడుకలో నున్నవి. పదునుచేసిన తోలునందును నారలు ఒండొంటిని అంటియుండును. నూనె వాని నడుమ చేరినచో అవి సులువుగ జరుగును. కొత్త చెప్పులు కరచినప్పుడు ఆముదము రాయుట మన పల్లెలలో పెద్దలెరిగిన ఉపాయమే గదా!

అయితే నూనె మితిమీరరాదు. తోలు బరువెక్కి, సడలి, గుంట జారిపోవును. కొంచెము నూనెను గుడ్డతో పలుచగ రాచి, తొడుగు ఎచ్చట మడుచుకొనవలెనో అచ్చటనే మాటిమాటికి మడువవలెను. కొయ్యసుత్తితో గుంటను మెల్లగ కొట్టవలెను. రాత్రివేళ గుంటలో బంతినుంచి త్రాటితో కట్టి విడుతురు. వీనియన్నిటికంటె మేలైనది స్నేహితునితో దినదినము బంతి విసరుకొనుట. బంతి తాకిడికి, చేతి వంపునకు అనుగుణముగ నారలు తమంతట తామే సర్దుకొనును. ఇది వారములు పట్టు పని. తొందరపడి తొడుగును పొయ్యిసెగకు పెట్టువారు గలరు. అట్టివారి తొడుగు బీటలు వారును. జపాను అంగళ్లలో మాత్రము నేర్పరులు కొత్త తొడుగును వేడినీట తడిపి, పిసికి, సుత్తితో కొట్టి, నీడన ఆరబెట్టుదురు. అది చేయి తిరిగినవారి పని, బాలురకు తగదు.

జపాను దేశీయుడైన ఇచిరో సుజుకి అమెరికా పోటీలలో 2001 మొదలు 2010 వరకు ఏటేటా, అనగా 10 పర్యాయములు, మేటి ఫీల్డరులకిచ్చు బంగారు తొడుగు పురస్కారము నందెను. అంతటివాడును తన తొడుగును పరులకు వదలక, తానే తుడిచి, నూనె రాచి కాపాడుకొనెడివాడు.